గజ్జల్లో గడ్డ అనుకుంటే అపెండిక్స్ బయటపడింది: అమ్మకు శస్త్రచికిత్స చేసిన గుంటూరు ఆసుపత్రిపై నా సమీక్ష

గత కార్తీకమాసంలో మా అమ్మకు గుంటూరులోని ఒక సర్జికల్ ఆసుపత్రిలో శస్త్రచికిత్స జరిగింది. అక్కడ ఆరు రోజులు ఉన్నాము. ఆ తరువాత కుట్లకు, రిపోర్టుకు, చెకప్‌కు మరో నాలుగుసార్లు వెళ్ళివచ్చాము. ఆసుపత్రి గురించి రాసేటప్పుడు గదులు ఎలా ఉన్నాయి, నర్సులు ఎలా మాట్లాడారు, బిల్లు ఎంతయింది అని రాయడం పరిపాటి. అవి నేనూ రాస్తాను గాని, నేను తూచదలచుకున్నది వేరు. అరుదైన జబ్బు ఒకటి మామూలు జబ్బులా కనిపిస్తూ వచ్చినప్పుడు ఈ ఆసుపత్రి దాన్ని ఎలా పట్టుకుంది, మాకు ఎలా విప్పి చెప్పింది, చివరికి కాగితం మీద ఏమని రాసి పంపింది అన్నవే నా కొలతలు. మొదటి రెండింటిలో వాళ్ళకు నేను జీవితాంతం కృతజ్ఞుడిని. మూడోదానిలో జరిగిన పొరపాటు చిన్నది కాదు. పొగడ్తతో పాటు ఫిర్యాదు కూడా ఉంది కాబట్టి, ఆ ఫిర్యాదును వాళ్ళు అదే రోజు సరిదిద్దారు కాబట్టి, ఆసుపత్రి పేరును, వైద్యుల పేర్లను ఇక్కడ రాయడం లేదు.

అమ్మకు 67 ఏళ్ళు. తెనాలి దగ్గరి పల్లెలో ఉంటుంది. పదేళ్ళుగా షుగరు ఉన్నా మాత్రలతో నెట్టుకొస్తోంది. కార్తీక స్నానాలకని తెల్లవారుజామున కాలువకు వెళ్ళివస్తున్న రోజుల్లో ఆమెకు కుడి గజ్జలో ఉసిరికాయంత గడ్డ కనిపించింది. ముట్టుకుంటే నొప్పి, నడిస్తే నొప్పి. మడమలు పగిలి ఒకచోట పుండు పడి ఉండటంతో ఇరుగుపొరుగు వాళ్ళంతా "బిళ్ళ కట్టిందిలే, పుండు మానితే అదే కరిగిపోతుంది" అన్నారు. అది తప్పుడు మాటేమీ కాదు. పాదానికి పుండు పడితే గజ్జలో బిళ్ళ కట్టడం మన ఇళ్ళల్లో అందరికీ తెలిసినదే, వైద్యులూ ఒప్పుకునేదే. ఊళ్ళోని ఆర్‌ఎంపీ కూడా అదే అనుకొని మూడు రోజులు యాంటీబయాటిక్ మాత్రలు వాడించాడు. నాలుగో రోజుకు గడ్డ మీది చర్మం ఎర్రబడింది, జ్వరం 101 చూపించింది. అప్పుడు గాని అమ్మ నాకు ఫోన్ చేయించలేదు. ఆ చోట ఆరు నెలలుగా చిన్న ఉబ్బు వస్తూ పోతూ ఉండేదని, పడుకుంటే అణిగిపోయేదని, చెప్పుకోవడానికి సిగ్గనిపించి ఊరుకున్నానని ఆమె చెప్పింది కూడా గుంటూరు వెళ్ళిన తరువాతే.

అంతకంటే ముందు, మా ఊరికి దగ్గరలోని పట్టణంలో ఒక ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. అక్కడి డాక్టరు గారు గడ్డను చూసి, ఇది చీముగడ్డ, పండింది, మత్తు సూది ఇచ్చి కోసి కడిగేస్తే సరిపోతుంది అన్నారు. రక్తంలో షుగరు 280 ఉండటంతో, ఈ రాత్రి దాన్ని తగ్గించుకొని రేపు ఉదయం రండి అని పంపించారు. ఆ ఒక్క రాత్రి వ్యవధే అమ్మను కాపాడిందని ఇప్పటికీ అనుకుంటాను. గజ్జలో వచ్చిన గడ్డ హెర్నియా (పొట్ట లోపలి భాగం గోడలోని సందు గుండా బయటికి పొడుచుకురావడం) కాదని తేలేదాకా దాని మీద కత్తి పెట్టకూడదన్నది సర్జన్లు పాటించే జాగ్రత్త అని మాకు తరువాత తెలిసింది. లోపల ఉన్నది చీము మాత్రమే అనుకొని కోస్తే, అందులో పేగు గాని అపెండిక్స్ గాని ఉన్నప్పుడు అది తెగి, ఆ గాయం గుండా మలం కారే పరిస్థితి రావచ్చు. తెల్లవారాక మేము ఆ పట్టణానికి వెళ్ళకుండా, మా బడిలో సహోద్యోగి ఒకరు చెప్పగా నేరుగా గుంటూరు వెళ్ళాము.

ఇక ఆసుపత్రి సంగతి. ఓపీలో పేరు రాయించుకున్న తరువాత నలభై నిమిషాలు కూర్చున్నాము. జ్వరంతో ఉన్న మనిషికి అది ఎక్కువే గాని, ఆ రోజు జనం అలా ఉన్నారు. మొదట చూసినది ఒక మహిళా డ్యూటీ డాక్టరు. ఆమె మమ్మల్ని బయటికి పంపించి, తెర లాగి, అమ్మతో ఒంటరిగా మాట్లాడింది. ఆరు నెలల ఉబ్బు సంగతి బయటికి వచ్చింది ఆ తెర వెనకే. కన్న కొడుకుకు చెప్పుకోలేని మాట, ఆర్‌ఎంపీకి చెప్పని మాట, "పెద్దమ్మా, ఇంతకుముందు ఎప్పుడైనా ఇక్కడ ఉబ్బినట్టు అనిపించిందా?" అని ఆమె మెల్లగా అడిగేసరికి అమ్మ చెప్పేసింది. వచ్చి పోయే ఉబ్బు అనగానే అది బిళ్ళ కాదు, చీముగడ్డ కాదు, హెర్నియా కావచ్చునన్న అనుమానానికి దారి దొరికింది. ఈ ఆసుపత్రి చేసిన అన్ని పనుల్లోనూ ఖర్చు లేనిదీ, నా లెక్కలో విలువైనదీ ఇదే.

తరువాత పెద్ద సర్జన్ గారు వచ్చారు. తొందరపడలేదు. గజ్జ లోపలి కొసన ఎముక మీద చేతికి తగిలే చిన్న బుడిపెను వేలితో వెతికి పట్టుకొని, గడ్డ దానికి పైన ఉందా (అయితే గజ్జ హెర్నియా), కింద ఉందా (అయితే తొడ హెర్నియా) అని చూశారు. గడ్డ ఆ బుడిపెకు కిందుగా, బయటివైపుగా ఉంది. దగ్గమన్నారు, దగ్గినప్పుడు గడ్డ కదలలేదు. వాంతులు అయ్యాయా, విరేచనం అవుతోందా, గ్యాస్ పోతోందా అని అడిగారు. వాంతులు లేవు, మిగిలినవన్నీ మామూలుగానే ఉన్నాయి. పొట్ట నొక్కి చూస్తే మెత్తగా ఉంది. అప్పుడాయన నాతో అన్న మాట నాకు బాగా గుర్తుంది: "మాస్టారూ, ఇది తొడ హెర్నియాలా ఉంది, ఇరుక్కుపోయింది కూడా. పేగు ఇరుక్కుని ఉంటే ఈపాటికి పొట్ట ఉబ్బి వాంతులు కావాలి. ఏదో ఇరుక్కుంది, పేగు మాత్రం కాదనిపిస్తోంది. చూసుకోకుండా లోపలికి వెళ్ళను."

ఆయనకు ఆ అనుమానం రావడం మా అదృష్టం. అల్ట్రాసౌండ్‌లో గడ్డ లోపల నీరు, వాపు ఉన్న కణజాలం ఉన్నాయని మాత్రమే తెలిసింది. ఆయన దానితో సరిపెట్టుకోకుండా సీటీ స్కాన్ రాశారు. స్కాన్‌కు ముందు రంగు మందు ఎక్కిస్తారు కాబట్టి కిడ్నీల పనితీరు తెలుసుకునేందుకు క్రియాటినిన్ పరీక్ష చేయించారు, అమ్మ షుగరుకు వేసుకునే మెట్‌ఫార్మిన్ మాత్రను ఆపించారు. ఇవన్నీ మాకు చెప్పి చేశారు. గంటన్నరలో స్కాన్ సెంటరు నుంచి రేడియాలజిస్టు ఫోన్ చేశారట. సర్జన్ గారు నన్నూ మా తమ్ముడినీ కన్సల్టేషన్ గదిలోకి పిలిచి, కంప్యూటరు తెర మీద పెన్ను మొన పెట్టి చూపించారు. పెద్దపేగు మొదలయ్యే చోటి నుంచి వానపాములా ఒక గొట్టం కిందికి దిగి, తొడలోకి వెళ్ళే సన్నని సందులో దూరి, దాని కొన గజ్జలోని సంచిలో వాచి ఉంది. కొన మూసుకుపోయి ఉన్న గొట్టం. అది అపెండిక్స్.

మన వైపు అపెండిసైటిస్‌ను పెద్దవాళ్ళు ఇప్పటికీ ఇరవై నాలుగు గంటల నొప్పి అంటారు. బొడ్డు చుట్టూ మొదలై, కొన్ని గంటలకు కుడివైపు కిందికి దిగి నిలబడే ఆ నొప్పి, దానితోపాటు వాంతులు, ఆకలి చచ్చిపోవడం అందరికీ తెలిసిన లక్షణాలు. అమ్మకు వీటిలో ఒక్కటీ సరిగ్గా లేదు. ఎందుకు లేదో సర్జన్ గారు చెప్పిన తీరు ఏ పుస్తకం చెప్పినదానికంటే బాగుంది. బిగుతైన ఉంగరం తొడిగిన వేలు వాచిందనుకోండి, వాపు ఉంగరం దగ్గరే ఆగి వేలి కొన వైపే ఉండిపోతుంది గాని చేతిలోకి పాకదు, ఇక్కడా అంతే అన్నారు. తొడ హెర్నియా దిగే సందుకు ఒకవైపు ఎముక, మరోవైపు గట్టి పట్టీలాంటి లిగమెంటు ఉంటాయి. సాగే గుణం ఆ చోటికి లేదు. అందులో ఇరుక్కున్న అపెండిక్స్‌కు రక్తప్రసరణ తగ్గి, అది వాచి, కుళ్ళడం మొదలైనా, ఆ చీము సంచిలోనే బందీగా ఉండిపోతుంది. పొట్టలోకి చేరదు కాబట్టి పొట్ట గట్టిపడదు. పేగు దారి మూసుకుపోలేదు కాబట్టి విరేచనం ఆగదు. గజ్జలో ఎర్రని, నొప్పి పుట్టే గడ్డ మాత్రం కనిపిస్తుంది. చూసినవారు దాన్ని బిళ్ళ అనో, చీముగడ్డ అనో, మామూలుగా ఇరుక్కున్న హెర్నియా అనో అనుకుంటారు. ఆపరేషన్ బల్ల మీద సంచి తెరిచాక గాని అసలు సంగతి తెలియని సందర్భాలే ఎక్కువని ఆయన అన్నారు. అందుకే ముందే తెలియడం ఎంత మేలో ఆ రోజు కాదు, తరువాతి రోజుల్లో నాకు బోధపడింది.

ఆసుపత్రిలో గడిపిన రాత్రులలో నేను ఈ జబ్బు గురించి చదివాను. చదివే అలవాటు ఉన్నవాడికి భయం పోవడానికి అదొక్కటే మందు. తొడ హెర్నియాలో అపెండిక్స్ ఉండటాన్ని 1731లో పారిస్‌కు చెందిన గారెంజో అనే సర్జన్ మొదటిసారి రాసి పెట్టాడు. అందుకే దాన్ని ఇప్పటికీ ఆయన పేరుతో పిలుస్తారు. నాలుగేళ్ళ తరువాత, 1735 డిసెంబరులో, లండన్‌లోని సెయింట్ జార్జ్ ఆసుపత్రిలో క్లాడియస్ అమ్యాండ్ అనే సర్జన్ 11 ఏళ్ళ బాలుడికి గజ్జ హెర్నియా ఆపరేషన్ చేస్తూ, ఆ సంచిలో గుండుసూది గుచ్చుకొని చిల్లుపడిన అపెండిక్స్‌ను చూసి తీసేశాడు. ఈథర్ మత్తు వాడుకలోకి రావడానికి అప్పటికింకా 111 ఏళ్ళు ఉంది. మెలకువగా ఉన్న పిల్లవాడి మీద దాదాపు అరగంట సాగిన ఆ ఆపరేషన్ విజయవంతమైంది, బాలుడు కోలుకున్నాడు. చరిత్రలో నమోదైన మొట్టమొదటి విజయవంతమైన అపెండిక్స్ తొలగింపు అదేనంటారు. అపెండిసైటిస్ అన్న మాటే 1886లో బోస్టన్ వైద్యుడు రెజినాల్డ్ ఫిట్జ్ వాడేదాకా లేదు. జబ్బుకు పేరు పెట్టడానికి ఒకటిన్నర శతాబ్దం ముందే దానికి చేసిన తొలి చికిత్స హెర్నియా సంచిలో జరిగిందన్నమాట. అరుదైనదని మనం అనుకునే ఈ సంగతి వైద్యచరిత్రలో ఇంత మొదట్లోనే ఉండటం నన్ను చాలాసేపు ఆలోచనలో పడేసింది.

అరుదు అన్నది మాత్రం నిజమే. గజ్జ హెర్నియాలలో అపెండిక్స్ కనిపించేది సుమారు నూటికి ఒకటి, అదీ వాచి ఉండేది సుమారు వెయ్యికి ఒకటి అని వైద్యగ్రంథాల లెక్క. అసలు తొడ హెర్నియాయే మిగిలిన హెర్నియాలతో పోలిస్తే తక్కువ. అది మగవాళ్ళలో కంటే ఆడవాళ్ళలో, అందులోనూ వయసు మళ్ళినవాళ్ళలో ఎక్కువ, ఇరుక్కుపోయే గుణమూ దానికే ఎక్కువ. బొడ్డు హెర్నియాలోనూ, పాత ఆపరేషన్ మచ్చ దగ్గర వచ్చే హెర్నియాలోనూ, పొట్ట పక్కగోడలో కండరాల అంచున వచ్చే స్పీగెల్ హెర్నియాలోనూ అపెండిక్స్ దొరికిన సందర్భాలు ఉన్నాయి. ఎడమవైపు గజ్జలో దొరికినవీ ఉన్నాయి, కాకపోతే అవి మరీ తక్కువ.

శస్త్రచికిత్సకు ముందు సంతకం తీసుకున్న విధానం గురించి తప్పక చెప్పాలి. కాగితం తెలుగులో ఉంది. దాన్ని మా ముందు పెట్టి సంతకం పెట్టమని ఊరుకోలేదు. సర్జన్ గారు అమ్మ మంచం పక్కన కుర్చీ వేసుకొని కూర్చొని, మాతో కాదు, ఆమెతోనే మాట్లాడారు. గజ్జ దగ్గరి గాటు నుంచే అపెండిక్స్ మొదలు దాకా అందితే అక్కడి నుంచే తీసి మూసేస్తామని, మొదలు అందకపోయినా, చీము పొట్టలోకి పోయి ఉన్నా పొట్ట మీద కూడా తెరవాల్సి వస్తుందని చెప్పారు. ఏది జరిగినా ఈసారి మెష్ (హెర్నియా చోట గోడ గట్టిపడటానికి పెట్టే వల) వేయబోమని, అందువల్ల హెర్నియా మళ్ళీ వచ్చే అవకాశం కొంచెం ఎక్కువ ఉంటుందని కూడా అప్పుడే చెప్పారు. అమ్మ అంతా విని, "కడుపు మీద కోయాల్సి వస్తే ఎన్నాళ్ళు మంచం మీద ఉండాలి నాయనా?" అని అడిగింది. ఆయన దానికీ నిదానంగా జవాబు చెప్పారు. రోగిని పక్కన పెట్టి కొడుకులతో బేరమాడినట్టు మాట్లాడే పద్ధతిని నేను ఇంతకుముందు చూసి ఉన్నాను కాబట్టి ఇది నా మనసుకు బాగా పట్టింది.

నడుముకు మత్తు ఇచ్చి చేశారు. గంటా పది నిమిషాలు పట్టింది. చివర్లో సర్జన్ గారు ఆకుపచ్చ గౌనుతోనే తలుపు దగ్గరికి వచ్చి స్టీలు ట్రేలో తీసిన అపెండిక్స్‌ను చూపించారు. నా చిటికెన వేలికంటే కొంచెం పొడవుగా ఉంది. మొదలు వైపు సగం గులాబీ రంగులో, ఆరోగ్యంగా కనిపించింది. మధ్యలో ఒకచోట దారం గట్టిగా బిగించి కట్టి విప్పినట్టు చుట్టూ నొక్కు పడి ఉంది. ఆ నొక్కు దాటిన కొన వాచి, నేరేడుపండు రంగుకు తిరిగి, చివర నల్లబడింది. ఉంగరం పోలిక ఎందుకు చెప్పారో అప్పుడు కళ్ళారా చూశాను. ఇంకొక రోజు ఆలస్యమైతే చిల్లు పడేదేమో అన్నారు. గజ్జ గాటు నుంచే మొత్తం తీయగలిగారు, పొట్ట తెరవాల్సిన అవసరం రాలేదు. చీము సంచి దాటలేదు. లిగమెంటును ఎముక మీది గట్టి పొరకు దారంతో కుట్టి ఆ సందును మూసేశారు. అపెండిక్స్‌ను పరీక్షకు పంపారు.

మెష్ సంగతి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే పలకరించడానికి వచ్చిన బంధువులలో సగంమంది అడిగింది దాని గురించే. మా మేనమామకు హెర్నియాకు మెష్ వేశారు, పక్కింటి ఆయనకూ వేశారు, మీ అమ్మకు వేయలేదంటే తక్కువ రకం ఆపరేషన్ చేసి ఉంటారు అన్నవారూ ఉన్నారు. సంగతి అది కాదు. మామూలు హెర్నియాకు మెష్ వేస్తే గోడ గట్టిపడి హెర్నియా తిరిగి వచ్చే అవకాశం తగ్గుతుంది. చీము పట్టినచోట అదే మెష్ పెడితే, శరీరానికి పరాయిదైన ఆ వల మీద సూక్ష్మజీవులు తిష్ఠ వేసుకుంటాయి. మందులు అక్కడిదాకా సరిగ్గా పనిచేయవు. చివరికి మళ్ళీ కోసి వలను బయటికి తీయాల్సి రావచ్చు. 2007లో లొసనాఫ్, బాసన్ అనే ఇద్దరు సర్జన్లు గజ్జ హెర్నియాలో దొరికే అపెండిక్స్‌ను నాలుగు రకాలుగా విడదీసి ఒక పద్ధతి చెప్పారు. అపెండిక్స్ మామూలుగా ఉంటే లోపలికి తోసి మెష్ వేయవచ్చు. వాచి ఉండి, చీము సంచికే పరిమితమైతే అపెండిక్స్ తీసి మెష్ లేకుండా కుట్టాలి. చీము పొట్టలోకి పాకి ఉంటే పొట్ట తెరవాలి. నాలుగోది, పొట్టలో వేరే జబ్బు కూడా ఉన్నప్పుడు. అమ్మది తొడ హెర్నియా అయినా ఆలోచన అదే, ఆ లెక్కన ఆమెది రెండో రకం. మెష్ వేసి ఉంటే బిల్లు ఇంకా పెరిగేది, మేము ప్రశ్నించేవాళ్ళమూ కాదు. అలాంటప్పుడు వేయకపోవడం, వేయనని ముందే చెప్పడం ఈ ఆసుపత్రి నిజాయితీకి నేను చూసిన గట్టి గుర్తు.

లోపాలలో మొదటిది రాత్రి నర్సుల కొరత. ఆపరేషన్ అయిన మొదటి రాత్రి ఆ అంతస్తు మొత్తానికి ఒకే నర్సు ఉంది. సెలైన్ అయిపోయి గొట్టంలోకి రక్తం వెనక్కి వస్తుంటే, గంట నొక్కి, ఎవరూ రాకపోతే నేనే వెళ్ళి వెతికాను. ఆమె రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆమెను నేను తప్పుపట్టను; మరో గదిలో వాంతులు చేసుకుంటున్న రోగి దగ్గర ఉంది. ఒక్క మనిషిని పెట్టి పదకొండు గదులు చూడమనడం యాజమాన్యం తప్పు. గదులు శుభ్రంగానే ఉన్నాయి, క్యాంటీన్‌లో ఇడ్లీ, జావ వేళకు దొరికాయి. బిల్లు విషయానికి వస్తే, ముందు 75,000 రూపాయలు అవుతుందని చెప్పారు, 88,600 అయింది. సీటీ స్కాన్, బయాప్సీ, రెండు రోజులు ఎక్కువ ఇచ్చిన యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఆ తేడాకు కారణం. అడగగానే విడివిడిగా లెక్క రాసి ఇచ్చారు, వాడని ఇంజెక్షన్లను మందుల షాపులో వెనక్కి తీసుకున్నారు. నాకు అన్యాయం అనిపించలేదు.

అసలు ఫిర్యాదు డిశ్చార్జి కాగితం గురించి. ఆరో రోజు మధ్యాహ్నం ఫైలు చేతికి ఇచ్చారు. నేను ఉపాధ్యాయుడిని, చేతికి వచ్చిన ఏ కాగితాన్నయినా చదవకుండా ఉండలేను. ఆపరేషన్ అన్నచోట కుడి గజ్జ హెర్నియాకు మెష్‌తో మరమ్మతు చేసినట్టు ఉంది. అపెండిక్స్ ఊసే లేదు. తొడ హెర్నియా అన్న మాటా లేదు. ఎవరో పాత కాగితంలో పేరు, వయసు మార్చి అచ్చు తీశారని చూడగానే అర్థమైంది. కౌంటరు దగ్గర అడిగితే, "సారు సంతకం అయిపోయింది సార్, హెర్నియా ఆపరేషనే కదా, ఏం ఫర్వాలేదు" అని జవాబు వచ్చింది. ఫర్వా ఎందుకు లేదు? రేపు అమ్మకు కుడివైపు కింద నొప్పి వస్తే, ఈ కాగితం చూసిన వైద్యుడు ఆమెకు అపెండిక్స్ ఉందనే అనుకుంటాడు, లేని అపెండిక్స్ కోసం స్కాన్లు రాస్తాడు, లేదా అసలు కారణాన్ని వదిలేసి దీని వెంట పడతాడు. ఆ చోట హెర్నియా మళ్ళీ వస్తే, లోపల వల ఉందనుకొని సర్జన్ ఒక లెక్కతో దిగుతాడు, అక్కడ వల ఉండదు. మేము పక్కన లేని రోజున, అమ్మ స్పృహలో లేని రోజున, ఆమె తరఫున మాట్లాడేది ఆ కాగితమే. సీటీ స్కాన్‌లో అంత సన్నని గొట్టాన్ని పట్టుకున్న ఆసుపత్రి, చేసిన పనిని రెండు వాక్యాల్లో సరిగ్గా రాయలేకపోవడం నన్ను నిజంగా బాధపెట్టింది.

నేను అక్కడే కూర్చున్నాను. సర్జన్ గారు థియేటర్ నుంచి వచ్చేసరికి సాయంత్రం ఐదయింది. కాగితం చూసి ఆయన ముఖం మారింది. సాకులు చెప్పలేదు. "ఇది మా తప్పు మాస్టారూ, మీరు చదివారు కాబట్టి సరిపోయింది" అని, తానే కూర్చొని ఏ హెర్నియా, సంచిలో ఏమి దొరికింది, ఏమి తీశారు, ఎలా కుట్టారు, మెష్ వేయలేదన్న సంగతి అన్నీ రాసి, మళ్ళీ అచ్చు వేయించి, సంతకం పెట్టి, తప్పు కాగితాన్ని నా ముందే చింపేశారు. ఆయన పట్ల నా గౌరవం పెరిగింది. అయినా, చదవని కుటుంబాలు, చదవలేని కుటుంబాలు ఆ కౌంటరు నుంచి ఎలాంటి కాగితాలు పట్టుకెళ్తున్నాయో అన్న దిగులు నన్ను వదలలేదు. అందుకే ఐదుకు నాలుగు ఇస్తున్నాను. ఆ ఒక్కటి తగ్గించింది వైద్యానికి కాదు, కాగితానికి.

బయాప్సీ రిపోర్టు వారంలో వస్తుందన్నారు, పదకొండో రోజుకు వచ్చింది. దానికోసం ఒకసారి ఊరికే తిరగాల్సి వచ్చింది. తీవ్రమైన వాపు, కొన దగ్గర కణజాలం చచ్చిపోవడం ఉన్నాయని, గడ్డలాంటి వేరే జబ్బేమీ లేదని ఉంది. పెద్ద వయసులో అపెండిక్స్‌కు వాపు వస్తే వెనక కణితి ఏదైనా ఉందేమో చూసుకోవడం మంచిది కాబట్టి ఈ పరీక్ష తప్పనిసరిగా చేయిస్తామని చెప్పారు. కుట్లు పన్నెండో రోజున తీశారు, షుగరు వల్ల గాయం మూలన కొంచెం తడి కనిపిస్తే రెండుసార్లు డ్రెస్సింగ్ చేసి పంపారు, ఆ డ్రెస్సింగ్‌లకు డబ్బు తీసుకోలేదు.

ఆరు వారాల చెకప్‌కు వెళ్ళినప్పుడు అమ్మ మెట్లెక్కి పై అంతస్తుకు తానే నడిచింది. ఆ మహిళా డాక్టరు గుర్తుపట్టి చేయి పట్టుకొని పలకరించింది. దగ్గించి చూశారు, కుట్టు గట్టిగా ఉంది, ఇంకొన్ని నెలలు బిందెలు, బియ్యం బస్తాలు ఎత్తొద్దన్నారు. అమ్మ తన చేతిసంచిలో, బ్యాంకు పుస్తకానికి ఆధార్ కార్డుకు మధ్య, ఇప్పుడు ఒక అట్టముక్క పెట్టుకుంటోంది. డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉందని, తాను చదువుకోలేనని ఆమె అంటే నేను రాసిచ్చినదే అది. పెద్ద అక్షరాలతో మూడు వాక్యాలు: కుడి తొడ హెర్నియాకు ఆపరేషన్ అయింది. అపెండిక్స్ తీసేశారు. మెష్ వేయలేదు.